తూనికరాయి మారిన వేళ

అమెరికా ఎన్నికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: అక్కడ ఇవాంజెలికల్ క్రైస్తవులే రాజ్యాన్ని శాసిస్తున్నారని. కొందరు దీనిని భయంతో అంటారు. మరికొందరు ఆస్తికులు లోలోపల అసూయతో అంటారు. భక్తులందరూ ఏకముఖంగా ఓటు వేస్తే మతానికి ఎంత బలమో కదా అని. ఈ ఉభయ పక్షాలూ సత్యాన్ని తలక్రిందులుగా చూస్తున్నవి. అక్కడ మతం రాజకీయాన్ని జయించలేదు. రాజకీయమే మతాన్ని జయించింది.

చరిత్రను పరిశీలించండి. 1976లో అధ్యక్షుడిగా ఎన్నికైన జిమ్మీ కార్టర్ బాప్టిస్టు. ఆదివారపు బడిలో బైబిలు బోధించినవాడు. క్రీస్తునందు నూతన జన్మ పొందానని బహిరంగంగా చెప్పుకున్నవాడు. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే మతబోధకుడు 'మోరల్ మెజారిటీ' సంస్థను స్థాపించి, నీతి పేరిట ఓటర్లను సమీకరించాడు. 1980లో ఆ సంస్థ అండ లభించింది కార్టర్‌కు కాదు, విడాకుల అనంతరం పునర్వివాహం చేసుకున్న పూర్వ నటుడు రోనాల్డ్ రీగన్‌కు. పునర్వివాహం దోషమని నా వాదం కాదు. ఆచరణ కంటె పక్షమే ప్రధానమైన క్షణం అది అని మాత్రమే నా మనవి.

ఆ బీజం వృక్షమైన తీరు చూడండి. వ్యక్తిగత జీవితంలో అనైతికంగా ప్రవర్తించిన నాయకుడు పదవిలో నీతిగా వర్తించగలడా అని పబ్లిక్ రెలిజియన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ప్రశ్నించింది. 2011లో శ్వేతజాతి ఇవాంజెలికల్స్‌లో 30 శాతం మాత్రమే అవునన్నారు. 2016లో 72 శాతం అవునన్నారు. ఆ అయిదేళ్లలో బైబిలులో ఒక్క అక్షరమైనా మారలేదు. మారినది అభ్యర్థి. ఆ సంవత్సరం డొనాల్డ్ ట్రంప్‌కు వారిలో 75 శాతానికి పైగా ఓటు వేశారు. అదే బైబిలును అంతే భక్తితో పఠించే నల్లజాతి ప్రొటెస్టెంట్లు అత్యధికంగా ప్రతిపక్షానికి వేశారు. ఓటును నిర్ణయించినది శాస్త్రమే అయితే ఈ భేదం ఎక్కడిది?

ఇక్కడ పూర్వపక్షి ఆక్షేపిస్తాడు: "ఫలం సిద్ధించింది కదా! గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి తీర్పును 2022లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ట్రంప్ నియమించిన ముగ్గురు న్యాయమూర్తులూ అందుకు సమ్మతించారు." నిజమే, కాదనను. కాని మూల్యం కూడా లెక్కించాలి. పైన చెప్పిన సంస్థ గణన ప్రకారమే, 2006లో దేశ జనాభాలో 23 శాతమున్న శ్వేతజాతి ఇవాంజెలికల్స్ 2020 నాటికి 14.5 శాతానికి క్షీణించారు. ఆ క్షయానికి కారణాలు అనేకం. అయినా న్యాయస్థానంలో గెలిచిన తీర్పు తమ ఇంటి యువకుని హృదయాన్ని గెలువలేదన్నది స్పష్టం.

ఈ ప్రమాదాన్ని వారి పూర్వికులే గుర్తించారు. 1636లో ప్రావిడెన్స్ పట్టణాన్ని స్థాపించిన రోజర్ విలియమ్స్, మతమనే ఉద్యానానికీ లోకమనే అరణ్యానికీ నడుమ ప్రాకారం ఉండాలన్నాడు. అరణ్యాన్ని కాపాడడానికి కాదు, ఉద్యానాన్ని కాపాడడానికి!

సాధకులారా, పురుషార్థాలలో ధర్మం ముందున్నది అర్థకామాలను నియమించడానికి. వాటి వెనుక పల్లకీ మోయడానికి కాదు. భక్తుడు ఓటు వేయాలి, అంతరాత్మ సాక్షిగా వేయాలి. వేసిన పిమ్మట ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఎదుటి పక్షంవాడు చేస్తే పాపమన్నదానిని, నా పక్షంవాడు చేసినప్పుడు కూడా పాపమనగలనా? అనలేకపోతే చేతిలోని తూనికరాయి మారిపోయిందని అర్థం. అప్పుడు ఎన్నికలో ఎవరు గెలిచినా, ఓడినది మన ధర్మమే.