ఆడవాళ్ళ బేస్ అట!

బేస్ గిటారు కొనడానికి ఏ షాపుకెళ్ళినా ముందు నా చేతుల వంక చూస్తారు. తర్వాత 30 అంగుళాల షార్ట్ స్కేల్ తీసి, "లేడీస్‌కి ఇది చాలు మేడమ్" అంటారు. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ కూడా 30 అంగుళాలదే. దాన్నెవరైనా ఆడవాళ్ళ బేస్ అన్నారా? 34 అంగుళాలేమైనా ప్రకృతి ధర్మమా? 1951లో ఫెండర్ కంపెనీ తన ప్రెసిషన్ బేస్‌కి పెట్టిన కొలత. ఆ బేస్ మీదే కదా కేరల్ కే లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో అన్నేళ్ళు వాయించింది! బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' (1966) వింటూ తలలూపేవాళ్ళలో ఎందరికి ఆమె పేరు తెలుసు?

మా శనివారం బ్యాండులో నాకు బేస్ అప్పగించింది కూడా "ఎవరికీ వినపడదులే" అనే. వినపడదట! ఒక్క చరణం నేను ఆపితే పాడేవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. వంటింట్లో పొయ్యి వెలగకపోతే చూసినట్టే.

నేను 34 అంగుళాలదే తెచ్చుకున్నాను. పొట్టిదాని మీద లావు తీగ కాస్త వదులుగా పలుకుతుంది, మా డ్రమ్మర్ బాదుడు పక్కన నాకు బిగువు కావాలి. మెత్తటి నాదం కావాలనిపించిన రోజు ఆ పొట్టిదీ కొంటాను. బరువా? నాలుగు కిలోలు. వెడల్పాటి పట్టీ వేసుకున్నాను.