లెక్కకు రాని తెలుగు

డెబియన్ నిర్వాహక వ్యవస్థను కంప్యూటర్‌లో స్థాపించేటప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఏయే ప్యాకేజీలు వాడుతున్నారో ఆ వివరాలను గణాంకాల కోసం పంపుతారా? ‘వద్దు’ అన్న జవాబే ముందుగా ఎంపికై ఉంటుంది. మనం ఔనంటేనే వారానికొక నివేదిక వెళుతుంది. 2018లో వచ్చిన ఉబుంటు 18.04 ఇందుకు భిన్నంగా ‘పంపు’ అన్నదానినే ముందుగా ఎంచి పెట్టింది. 67 శాతం మంది వివరాలు పంపారని ఆ సంస్థ ఆ ఏడాదే ప్రకటించింది. వారిలో చదివి ఒప్పుకున్నవారెందరో, చూడకుండా ముందుకు నొక్కినవారెందరో ఆ అంకె చెప్పదు. అనుమతి అడిగి పుచ్చుకోవలసినది. కనుక నాకు డెబియన్ పద్ధతే న్యాయమనిపిస్తుంది.

అయితే అడిగి కూర్చిన లెక్కలోనైనా మావంటివారు కనబడతారా? సిరొంచ తాలూకాలో ఇంట తెలుగు, కచేరీలో మరాఠీ, కంప్యూటర్ తెరపై ఇంగ్లీషు. ఉబుంటు నివేదికలో యంత్రపు భాషా అమరిక, కాలమండలం వెళతాయి. దేశమంతటికీ కాలమండలం ఒక్కటే, దాని పేరు కోల్‌కతా. బామ్నిలో ఇంగ్లీషు అమరికతోనే తెలుగు పాఠం టైపు చేసుకొనే ఉపాధ్యాయుడికీ, తెలుగు అక్షరమే ఎరుగని దిల్లీ గుమాస్తాకూ ఆ లెక్కలో తేడా లేదు. (జనాభా లెక్కల ఉద్యోగి కనీసం మాతృభాష ఏమిటని అడుగుతాడు.) అమరికను తెలుగులోకి మార్చుకుంటే విజయవాడవారితో కలిసిపోతాము. అందుకు నాకు అభ్యంతరం లేదు. తెలుగు పక్కన ఒక అంకె పెరుగుతుంది కదా.

డెబియన్ లెక్కలో నన్ను కలవరపెట్టేది మరొకటి ఉన్నది. మొదటి సీడీలో ఏ ప్యాకేజీలకు చోటివ్వాలో తేల్చడం ఆ లెక్క ఉద్దేశాలలో ఒకటి. సీడీ అవసరం ఎవరికి? అంతర్జాలం లేనివారికి. నివేదిక పంపలేనిదీ వారే! పోతన, వేమన ఖతులను నిత్యం వాడే బడి ఒకటున్నా, తీగ లేకపోతే దాని మాట ఆ పట్టికకు చేరదు. తెలుగు తరగతి ఉండాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ముందుగా సంఖ్య అడుగుతారని సరిహద్దు ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. అందుచేత తక్కువ అంకె చూసి అనువాదాన్నో ఖతినో పక్కన పెట్టేవారు, ఆ అంకెలోకి ఎవరు రాలేకపోయారో ముందు విచారించాలి.

నా సొంత యంత్రంలో తెలుగు అమరిక పెట్టి, ఔనని నొక్కాను. బడి కంప్యూటర్‌లో మాత్రం నొక్కలేదు. దానిని వాడేది పిల్లలందరూ. వారి తరఫున ఔననే అధికారం నాకొక్కడికే ఉన్నదా అని ఇంకా తేల్చుకోలేదు.