మా పక్కన దగ్గుతున్నది మావాడే: కిడ్నీ మార్పిడి రోగుల ప్రణాళిక

మేం కిడ్నీ పెట్టించుకున్నవాళ్లం. జీవన్‌దాన్ అవయవదాన జాబితాలో పేరు రాయించుకుని ఫోను కోసం ఏళ్లు ఎదురుచూసినవాళ్లం కొందరం, అమ్మ ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నవాళ్లం కొందరం. ఈ రోజు నుంచి ఒక్కటిగా అడుగుతాం.

మాలో ఒకాయనకు ఆపరేషన్ అయిన ఏడాదిన్నర తర్వాత రిజెక్షన్ వచ్చింది, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. రాయాల్సిన ఒక మాత్ర రాయలేదు. కొన్ని వారాలకు సన్నటి జ్వరం, పొడి దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. టోకెన్ పట్టుకుని నాలుగు గంటలు ఓపీ హాల్లో దగ్గుతూ కూర్చున్నాడు. పక్కన మేమున్నాం. ఐసీయూకి వెళ్లినవాడు తిరిగి రాలేదు.

ఆయనకు వచ్చింది నిమ్ము (న్యుమోనియా). దానికి కారణం న్యుమోసిస్టిస్ అనే ఫంగస్. చాలాకాలం దీన్ని ఏకకణ పరాన్నజీవి అనుకున్నారు. 1988లో జన్యు పరిశోధన ఫంగస్సేనని తేల్చింది. మామూలు ఫంగస్ మందులు చాలావరకు దీనిమీద పనిచేయవు. గోడల బూజులోంచి రాదు. మనకు సోకే రకానికి మనిషి తప్ప మరో ఇల్లు ఉన్నట్టు తెలియదు. అంటే మాకు సోకిందంటే ఇంకో మనిషి ఊపిరిలోంచి వచ్చిందన్నమాట. జర్మనీ, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్, జపాన్‌లలో కిడ్నీ మార్పిడి రోగులు గుంపులుగా దీని బారిన పడ్డారు. పరీక్షిస్తే చాలామందిలో ఒకే రకం ఫంగస్ కనిపించింది. వాళ్లలో చాలామంది కలిసింది చెకప్‌లకు వచ్చినప్పుడు. 2010లో ఫ్రాన్స్ పరిశోధకులు రోగికి 8 మీటర్ల దూరపు గాలిలోనూ దీని డీఎన్ఏను పట్టుకున్నారు. మా ఓపీలో 8 మీటర్లలో ఎంతమంది పడతారో చూడండి!

ఆయనకు రాయని ఆ మాత్ర కొత్తదేం కాదు. కోట్రైమోక్సజోల్, మనం సెప్ట్రాన్ అంటాం. చవక. 2009 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆపరేషన్ తర్వాత 3 నుంచి 6 నెలలు, రిజెక్షన్‌కి చికిత్స జరిగితే మళ్లీ కనీసం 6 వారాలు వాడమన్నాయి. ఆ రెండో మాట ప్రతి చీటీలోనూ ఉండాలి. పడనివాళ్లకు వేరే మందు డాక్టరే చెప్పాలి. సొంతంగా కొని మింగొద్దు.

దగ్గుతో వచ్చిన మార్పిడి రోగికి గుమ్మంలోనే మాస్కు ఇచ్చి, వేరే గదిలో కూర్చోబెట్టి, ముందుగా చూడాలి. జబ్బు తేలినవారి గదిలో మాలాంటివాళ్లకు మంచం ఇవ్వకూడదు. ఒక్క కేసు బయటపడగానే ఆ ఓపీకి వచ్చిన అందరికీ ఫోను చేయాలి, దాచకూడదు.

దగ్గేవాళ్లను వెలివేయమనడం లేదు. వచ్చే ఓపీ రోజున కిటికీ పక్క బెంచీ వాళ్లకు వదులుతాం, వాళ్ల చీటీని మేమే ముందుకు తీసుకెళ్తాం.