శుశ్రూష చేయు చేతులకు విశ్రాంతి



నెల్లూరు జిల్లాలో కావలికి చేరువనున్న జువ్వలదిన్నె మత్స్యకారుల గ్రామము. మేము వేసవిలో అచటికి పోయినపుడు మరపడవలన్నియు ఒడ్డుననే యుండెను. తూర్పు తీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు, 61 దినములు, అవి వేటకు పోరాదని నియమము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ దినములలోనే చిరిగిన వలలను బాగుచేసికొందురు. సముద్రమునకు సైతము విరామము కావలెనని మానవుడు గ్రహించినాడు గాని, రోగులకు సేవ చేయు స్త్రీకి విరామము కావలెనని గ్రహించినట్లు తోపదు.

ఈ తలంపు మాకు కలిగించినది ఆ ప్రాంతమున పనిచేయు నర్సమ్మ యొకతె. ఆమె మాతో నిట్లు చెప్పినది: “అక్కా, పసిబిడ్డ నా చేతుల్లోనే పోయింది. ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుని, వంట చేసి వడ్డించాను. కూరలో ఉప్పు లేదన్నారు. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.”

నర్సునకు గుండె రాయి కావలెనని లోకము తలంచుచున్నది. అది పొరపాటు. నర్సులందరికి మార్గదర్శియైన ఫ్లారెన్సు నైటింగేలు చరిత్రమునే చూడుడు. ఆమె 1854లో 38 మంది స్త్రీలతో యుద్ధభూమికి పోయి గాయపడిన సైనికులకు శుశ్రూష చేసెను. మరుసటి యేడే తీవ్రజ్వరమున బడి మరణము దాక పోయి వచ్చెను. స్వదేశమునకు మరలిన పిదప పెక్కేండ్లు మంచము పట్టియే యుండెను. అయినను ఆ మంచము మీదనుండియే గ్రంథములు వ్రాసెను. 1860లో ఆమె పేర లండనున నర్సుల పాఠశాల వెలసెను. మన దేశపు పారిశుద్ధ్యమును గూర్చియు ఆమె పాటుపడెను. తన శక్తి కొలది పనిని అమర్చుకొనుటయే ఆమె ధైర్యము. నొప్పి లేనట్లు నటించుట ధైర్యము గాదు.

2020 మార్చిలో ఆంధ్ర రాష్ట్రపు తొలి కరోనా రోగి నెల్లూరుననే కనబడెను. తరువాతి మాసములలో నర్సులు గాలి చొరని తొడుగులు ధరించి గంటల తరబడి పనిచేసిరి. తమ బిడ్డలను తాకుటకు సైతము జంకిరి. ఓపికకు మించిన పనివలన కలుగు నీరసము, పనిపై విసుగు, ‘నా వలన నేమి యగును’ అను నిరాశ - ఈ మూడును గూడిన స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగ సంబంధమైన దానినిగా గుర్తించినది. కావున అది స్వభావదోషము గాదు. సోమరితనము అంతకన్నను గాదు.

మన యిండ్లలో నర్సు పని చేయు కోడలో, కూతురో యున్నచో, ఆమె గడప దాటి వచ్చిన తోడనే పనులు చెప్పకుడు. “ఈ దినమెట్లు గడచినది?” అని యడిగి, చెప్పినది వినుడు. ఆమె హెపటైటిస్ బి టీకాను మూడు మోతాదులును పూర్తిగా వేయించుకొన్నదో లేదో విచారింపుడు. వాడిన సూది గ్రుచ్చుకొన్నయెడల వెంటనే సబ్బుతో, పారు నీటితో కడిగికొని, ఆ దినముననే వైద్యునకు తెలుపవలెను. దాచుట అపాయము.

ఇంట మంచము పట్టిన అత్తగారికి సేవ చేయు తల్లులకును ఇవి వర్తించును. రోగిని లేపునపుడు నడుము వంచక మోకాళ్ళు వంచి, రోగిని దగ్గరకు తీసికొని లేపుడు. వీలైనచో తోడు పిలువుడు. రాత్రి మేలుకొను వంతులు ఇంటిల్లిపాది పంచుకొనవలెను. మగవారికి మినహాయింపు లేదు. వారముల తరబడి నిదుర పట్టక, దేనియందును మనసు నిలువకున్న వైద్యుని చూడవలెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపు టెలి మానస్ వారు ఉచితముగా సలహా నిత్తురు.

మేము సెలవు తీసికొనునపుడు తీరమున నొక వృద్ధుడు వల కుట్టుచుండెను. చిరిగిన చోటును వెదకి చూచిన గాని కుట్టుటకు వీలు గాదు. మన యింటి నర్సమ్మను గూడ నేడు ఒకసారి అట్లు చూచెదము గాక.