పగడపు దిబ్బకు కావలి

శాసనమును వ్రాయుటకు సిరా చాలును. దానిని అమలు జరుపుటకు పడవ కావలెను. పడవకు చమురు కావలెను. రాత్రింబవళ్లు కాచువానికి జీతము కావలెను. పగడపు దిబ్బల రక్షణమును గూర్చి పలుకు ప్రభుత్వములు తరచుగా సిరాతోనే తృప్తి నొందుచున్నవి.

ఫిలిప్పీన్సు దేశమున, సులూ సముద్రమధ్యమునగల తుబ్బతహా దిబ్బలు 1988లో జాతీయోద్యానమైనవి. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా కెక్కినవి. అచ్చట చేపలు పట్టుట నిషిద్ధము. ఆ నిషేధము కాగితమున మిగిలిపోకుండుటకు కారణము, తీరమునకు దాదాపు 150 కిలోమీటర్ల దూరమున ఏడాది పొడవునను కాపురముండు కావలిదళమే. ఆ దళమున నావికులతోపాటు సమీప ద్వీపవాసులును కలరు.

ఈ కావలికి నీటమునుగు యాత్రికుల రుసుము ముఖ్యాధారము. 2020లో మహమ్మారివలన యాత్రికులు రాలేదు; రాబడి పడిపోయినది. దొంగపడవలకు మాత్రము మహమ్మారి సెలవిచ్చునా?

వేడెక్కు సముద్రమును ఏ కావలివాడును చల్లార్చజాలడు, నిజమే. కాని నాచును మేయు చిలుకచేపలను బ్రతుకనిచ్చినచో, దెబ్బతిన్న పగడము కోలుకొనుట కవకాశ మెక్కువ. పేదజాలరి నోటికాడి కూడు తీయుట న్యాయమా యని కొందరడుగుదురు. దిబ్బలో పెరిగిన చేప ఎల్ల దాటి వచ్చి అతని వలలోనే పడును. ప్రేలుడు మందుతో దిబ్బను పగులగొట్టువాడే అతని కూడు తీయువాడు.

కావున కావలి ఖర్చును యాత్రికుల దయకు విడువక, ఏటేట ప్రభుత్వపు పద్దులో చేర్పవలెను. కంచెవేసి తోటమాలికి కూలి యెగవేయువాడు ఫలముల నాశింపరాదు.