చందా కడితే చాలదా?

ఆళ్ళగడ్డ నుంచి మా బావగారు ఈమధ్య నంద్యాల వచ్చి, వచ్చీ రాగానే అమెరికా మీద విరుచుకుపడ్డారు. సంగతేమంటే, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు తుపాకీ గురి నేర్పే క్లబ్బులో చేరాడట. చందా పుచ్చుకున్నది చాలక, ఏడాదికి ఇన్ని గంటలు క్లబ్బు పని చేయాలి, చేయకపోతే అదనంగా కట్టాలి అన్నారట. “డబ్బూ మనదే, గడ్డి పీకడమూ మనమేనా బావా?” అని ఆయన బాధ.

వినడానికి అన్యాయంగానే ఉంది. కాని ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. ఊరంతా కలిసి చెరువులూ కాలువలూ బాగుచేసుకునే ఆచారాన్ని వెనకటికి కుడిమరామత్తు అనేవారు. మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1858లో, దానికొక చట్టం వచ్చింది. పనికి రావలసినవాడు రాకపోతే ఆ పని విలువకు రెట్టింపు చెల్లించాలి. కట్ట తెగితే పోయేది అందరి నీళ్ళూ గదా!

గురి మైదానానికీ ఒక కట్ట ఉంటుంది. గుండ్లు దాటిపోకుండా ఆపే మట్టికట్ట అది. వానకు కోసుకుపోతే మళ్ళీ మట్టి పోయాలి. గురికాగితాలు మార్చాలి, సీసం ముక్కలు ఏరాలి. కాగితాల దగ్గరికి ఎవరైనా వెళ్ళేటప్పుడు తుపాకులన్నీ కింద పెట్టించే మనిషొకరుండాలి. అన్నిటికీ జీతగాళ్ళను పెడితే చందా పెరుగుతుంది. అది కట్టలేనివాడు గేటు బయటే ఉండిపోతాడు.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 4 పతకాలు గెలిచింది. అది చూసి ఆళ్ళగడ్డ పిల్లకూ ఆశ పుట్టవచ్చు. తుపాకీ, గుండ్లు, ప్రయాణాలు — ఇవే మధ్యతరగతి తండ్రికి తలకు మించిన ఖర్చు. అటువంటి ఇంటికి కావలసింది చెమటను కూడా చందాగా జమకట్టుకునే క్లబ్బు.

అయితే ఒక్క మాట. ఉన్నవాడు డబ్బు పారేసి తప్పుకుని, లేనివాడే పలుగు పట్టితే అది సేవ కాదు, వెట్టి. పాత చట్టం రెట్టింపు అడిగింది అందుకే కాబోలు. ముసలివారికి లెక్కలు రాసే పని ఇవ్వండి, జబ్బుమనుషులను వదిలేయండి. పార మాత్రం ముందుగా అధ్యక్షులవారి చేతికే ఇవ్వండి!