అదే దారిలో మళ్లీ మళ్లీ

డేవిడ్ హాక్నీ ప్రకృతి చిత్రాల ప్రస్తావన వస్తే చాలామంది ముందుగా ఐప్యాడ్ గురించే మాట్లాడతారు. తెర మీద గీసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసిన దాన్ని చిత్రకళ అనవచ్చా అని వాదిస్తారు. ఆ వాదనలో అసలు విషయం మరుగున పడిపోతోంది. ఆయన ప్రతిభకు మూలం చేతిలోని పరికరం కాదు, ఒకే చోటికి ఏళ్ల తరబడి తిరిగి వెళ్లిన ఓపిక.

1937లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన హాక్నీకి లాస్ ఏంజెలస్ ఈతకొలనుల చిత్రాలతో పేరొచ్చింది. సొంత ప్రాంతం యార్క్‌షైర్ వైపు ఆయన్ను మళ్లించింది ఓ స్నేహితుడి జబ్బు. 1997లో క్యాన్సర్‌తో మంచం పట్టిన జోనథన్ సిల్వర్‌ను చూడటానికి, బ్రిడ్లింగ్టన్‌లోని తల్లి ఇంటి నుంచి వోల్డ్స్ గుట్టల మీదుగా కారులో వెళ్లి వస్తుండేవారు. ఈ నేలను బొమ్మ వేయమని సిల్వర్ పట్టుబట్టారు. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆ ప్రయాణాల జ్ఞాపకంతోనే హాక్నీ 1998లో ‘గారోబీ హిల్’ వేశారు. గుట్ట దిగుతూ మెలికలు తిరిగే రోడ్డు, దాని కింద పరుచుకున్న పొలాలు అందులో కనిపిస్తాయి.

తర్వాత బ్రిడ్లింగ్టన్‌లోనే మకాం పెట్టి, ఆరుబయట రంగులు పట్టారు. 2007 నాటి ‘బిగ్గర్ ట్రీస్ నియర్ వార్టర్’ కోసం 50 కాన్వాసులను జతచేశారు. దాని వెడల్పు 12 మీటర్లు, ఎత్తు నాలుగున్నర మీటర్లకు పైనే. మోడు కొమ్మలు చిగురించేలోగా పని ముగించాలి. అంత పెద్ద బొమ్మను మొత్తంగా చూసుకునే వీలు లేక, ఒక్కో ముక్కనూ ఫొటో తీసి కంప్యూటర్‌లో పేర్చి చూసుకున్నారు. యంత్రం సాయం అంతవరకే. కొమ్మ కొమ్మనూ కుంచెతోనే వేశారు. మరుసటి ఏడాది ఆ చిత్రాన్ని టేట్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేశారు.

ఐప్యాడ్ కూడా అలాగే అవసరం కొద్దీ వచ్చింది. తెరకు సొంత వెలుగు ఉంటుంది కాబట్టి తెల్లవారకముందే గీయవచ్చు. రంగు ఆరేదాకా ఆగనక్కర్లేదు. నిమిష నిమిషానికీ మారే వెలుతురును వెంటనే పట్టుకోవచ్చు. 2011లో వోల్డ్‌గేట్ అనే పల్లె దారిలో వసంతం ఎలా వచ్చిందో ఆయన 51 ఐప్యాడ్ చిత్రాల్లో, 32 కాన్వాసుల తైలచిత్రంలో నమోదు చేశారు. అక్కడ కంచెల నిండా హాథార్న్ పూస్తే పేలాలు చల్లినట్టుంటుంది. ఆ పూత కొన్నాళ్లే నిలుస్తుంది. దాన్ని అందుకోవాలంటే ముందునుంచీ ఆ దారిని కనిపెట్టుకుని ఉండాలి.

2012లో ఆయనకు స్వల్పంగా పక్షవాతం వచ్చింది. 2013లో అదే దారికి, ఈసారి బొగ్గుతో వెళ్లారు. మళ్లీ వసంతాగమనమే, రంగు లేకుండా 25 చిత్రాలు! పరికరమే ముఖ్యమైతే ఐప్యాడ్‌ను పక్కన పెట్టేవారా? ఫ్రాన్స్‌లోని నార్మండీకి మారాక, 2020లో కరోనా ప్రపంచాన్ని ఇళ్లకు కట్టేసినప్పుడు, తన ఇంటి చుట్టూ ఉన్న చెట్లనే చూస్తూ ఐప్యాడ్ మీద 116 చిత్రాలు వేశారు.

మన బడుల్లో ‘సీనరీ’ వేయమంటే పిల్లలు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు గీసేస్తారు. అది ఎక్కడా చూసిన చోటు కాదు, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న నమూనా. అదే బడి ఆవరణలో వేపచెట్టు ఆకు రాలుస్తుంది, రాగిరంగు చిగురు తొడుగుతుంది, ఉగాదికి పూతకొస్తుంది. దానివైపు పిల్లల చూపు మళ్లించే డ్రాయింగ్ పీరియడ్ ఎన్ని బడుల్లో ఉంది?

ఇందుకు ఐప్యాడ్లు అక్కర్లేదు. కాగితం, పెన్సిల్ చాలు. సంక్రాంతి సెలవుల తర్వాత వారానికో పీరియడ్ పిల్లల్ని ఆ చెట్టు కిందికి తీసుకెళ్లి, బొమ్మ కింద తేదీ వేయించి, వరుసగా గోడకు అంటించమని ప్రధానోపాధ్యాయులు ఆదేశిస్తే సరిపోతుంది. వేప పూసేసరికి ఒక్కో విద్యార్థి చేతిలో ఒకే చెట్టువి దాదాపు పది బొమ్మలు ఉంటాయి.